జీబ్రాల మలుపు

అక్టోబరు 21

నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. బరువు బళ్ళకు వేసే మందం టైర్లు. నాలాగే పికప్పు కిరాయికి తోలే మా ఊరి కెంగ్ టైర్ల షాపు ముందు నిలబడి తల పట్టుకున్నాడు.

"ఒసే ఫాయ్, ఆ డబ్బుకి నాలుగు వెండి రిమ్ములొచ్చేవి కదే! బండి పెళ్ళికూతుర్లా మెరిసిపోయేది."

"నాకు పెళ్ళికూతురెందుకురా? బరువు మోసేది కావాలి."

"అబ్బో! పేరేమో దూది, మాటలేమో ఇనుము."

మా భాషలో ఫాయ్ అంటే దూది, కెంగ్ అంటే మొనగాడు. కెంగ్ అని పేరు పెట్టించుకున్నంత మాత్రాన ఎవడూ మొనగాడైపోడు. వాడి పికప్పుకు మూడు హారన్లు, నల్లపొగ వదలడానికి కోరి మార్పించుకున్న గొట్టం, వెనక అద్దం నిండా స్టిక్కర్లు. టైర్లు మాత్రం గుండు చేయించుకున్నట్టు నున్నగా ఉంటాయి. బండి మీద పెట్టే ఖర్చు గురించి నాకో సిద్ధాంతం ఉంది. ముందు నేలను తాకే వాటి మీద పెట్టాలి. తర్వాత బండిని ఆపే వాటి మీద. ఇంజను సంగతి ఆ తర్వాత. కంటికి కనిపించే వాటి మీద ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, అసలు పెట్టకపోయినా నష్టం లేదు.

మూడేళ్ళు బాంకాక్ అవతల రయోంగ్‌లో బళ్ళ ఫ్యాక్టరీలో నిలబడి పికప్పుల తలుపులకు రబ్బర్లు బిగించాను. ఆ డబ్బుతోనే ఈ పాత బండి కొన్నాను. నెలసరి వాయిదాలు లేవు, ఎవరి పూచీ లేదు. రెండు తలుపులు, సీటు వెనక ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు, పొడుగాటి తొట్టి, చేత్తో మార్చుకునే గేర్లు. నాలుగు తలుపుల పికప్పులు పిల్లల్ని బడికి దింపుకునే వాళ్ళకు. ఆటోమేటిక్ గేర్లవి ఎడమకాలు ఎందుకుందో తెలియని వాళ్ళకు.

తెల్ల బండి మంగళవారం పుట్టినవాళ్ళకు అచ్చిరాదని జ్యోతిష్కుడు అమ్మకు చెప్పాడట. రంగు మార్పించాలంటే బోలెడు ఖర్చు. అందుకని అమ్మ తొట్టి వెనక తలుపు మీద "ఈ బండి గులాబి రంగు" అని స్టిక్కరు అంటించింది. గ్రహాలు చదువుకుంటాయిలే అంది.

అక్టోబరు 24

కొండ మీద హ్మోంగ్ వాళ్ళ ఊళ్ళో క్యాబేజీ కోతలు జోరుగా ఉన్నాయి. యేర్ అక్క పొలం నుంచి కింద లోం సక్ మార్కెట్టుకు రెండు ట్రిప్పులు. అక్క మామగారు చోంగ్ తాత వాకిట్లో పీట మీద కూర్చుని వచ్చే పోయే బళ్ళకు మార్కులు వేస్తుంటాడు. ఆయన జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. నాకు పదికి ఎనిమిది వేశాడు. మిగతా రెండూ ఏవంటే, "నువ్వు మా హ్మోంగ్ పిల్లవి కాదుగా" అని పళ్ళికిలించాడు.

దిగేటప్పుడు కెంగ్‌ను దాటేశాను. వాడి మొహం అద్దంలో చూడాల్సిందే.

అక్టోబరు 28

ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ముందు అది రాసుకోవాలి. చోంగ్ తాత మణికట్టు విరిగింది, అంతే.

కళ్ళు చూపించుకోవాలని తాత నా పక్క సీట్లో ఎక్కాడు. ఇంకొన్ని బస్తాలు పట్టిస్తే రెండో ట్రిప్పు డీజిలు మిగులుతుందని నేనే యేర్ అక్కతో అన్నాను. పంజరంలా కట్టించిన కడ్డీల పై దాకా క్యాబేజీ నిండింది. కమాన్ పట్టీలు అదనంగా వేయించిన బండి, ఆ బరువు దానికో లెక్క కాదు. సగం కొండ దిగేదాకా అన్నీ బాగానే ఉన్నాయి. జీబ్రాల మలుపుకు కొంచెం పైన బ్రేకు పెడలు మెత్తబడింది. ఒకసారి తొక్కితే సగం దాకా పోయింది. మళ్ళీ తొక్కితే అడుగుకు తాకింది. వాసన వచ్చింది. గోళ్ళు కాలిన వాసన.

ఎడమ పక్కన ఎర్రమట్టి గట్టు ఉంది, కుడి పక్కన ఏమీ లేదు. బండిని గట్టుకు ఆనించాను. ఆనించాను అంటే రాసుకుంటూ పోయాను. అద్దం ఊడింది, తలుపు లోపలికి నొక్కుకుంది, తాత చెయ్యి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. అప్పుడు ఆగింది.

కడ్డీలు విరిగి క్యాబేజీలు రోడ్డు వెంట దొర్లుకుంటూ పోయాయి. మలుపులో మొక్కుకున్నవాళ్ళు పెట్టే జీబ్రా బొమ్మలు ఉంటాయి కదా, వాటి కాళ్ళ మధ్యకు చేరి ఆగాయి. ఎవరో వాటికి మేత వేసినట్టు ఉంది.

"తాతా! తాతా, పలుకు!"

"పలుకుతున్నానే, అరవకు. కళ్ళ డాక్టరు దగ్గరికి అనుకుని బయల్దేరాను. చేతి డాక్టరు కూడా తగిలించావు." చెయ్యి పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, "మూడో గేరులో దిగావమ్మాయ్" అన్నాడు.

స్టీరింగు పట్టని మనిషికి గేర్ల సంగతి ఏం తెలుసు?

అక్టోబరు 30

బ్రేకు ప్యాడ్లు అయిపోయాయన్నాడు మెకానిక్కు. చూశావా, గేరు కాదు. ప్యాడ్లు.

నవంబరు 2

బండి వచ్చింది. తలుపు సరిచేశారు. కొంచెం గట్టిగా వెయ్యాలి, అంతకుమించి తేడా లేదు. బ్రేకు ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లోవి, బ్రేకు నూనె అన్నీ కొత్తవి. రేపు కొండెక్కుతాను. ఎక్కకుండా ఎక్కడికి పోతాను, నా అన్నం అక్కడుంటే?

నవంబరు 3

వాన.

నవంబరు 4

వాన లేదు. వెళ్ళలేదు.

నవంబరు 5

ఇవాళ స్థిమితంగా కూర్చుని లెక్క చూశాను. కొండ మీద ఒక కిలోమీటరు పోతే బండికి అయ్యే అరుగుదల కింద మూడు కిలోమీటర్లతో సమానం. ఎక్కేటప్పుడు డీజిలు, దిగేటప్పుడు బ్రేకులు, మలుపుల్లో టైర్ల అంచులు, ఎప్పుడూ క్లచ్చు. జనం కిరాయి ఒక్కటే చూస్తారు. అరిగేది ఎవరూ చూడరు. బండి ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందికి బండి తమకు ఎంత పడుతోందో తెలియదు. నాకు తెలుసు.

కింద వరికోతలు మొదలవుతున్నాయి. బస్తాలు మిల్లుకు తోలుతాను. చదును రోడ్డు, నాలుగో గేరు, చల్లటి గాలి. కిరాయి తక్కువే. కానీ మిగిలేది చూడాలి.

భయపడేవాళ్ళు కొండ మానేస్తారు. నేను లెక్క చూసి మానేశాను. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

నవంబరు 9

మిల్లుకు ఒకే ట్రిప్పు దొరికింది. అందరి దగ్గరా పికప్పులే ఉన్న ఊళ్ళో నా పికప్పును ఎవరు పిలుస్తారు?

మధ్యాహ్నం అమ్మ నూడుల్స్ కొట్టుకు కెంగ్ వచ్చాడు. నూడుల్స్ రెండు చుట్టలు చేప పులుసుతో, ఇంకో చుట్ట కొబ్బరిపాల కూరతో తిన్నాడు. తిన్నంతసేపూ నా వైపు చూడలేదు. వాడికది అలవాటు లేని పని.

"ఏమే, కొండ మర్చిపోయావా?"

"లెక్క కుదరట్లేదు."

"ఏం లెక్క?"

మొత్తం చెప్పాను. కిలోమీటరుకు ఇంత, ప్యాడ్లకు ఇంత, క్లచ్చు ఆయుష్షు ఇంత. వాడు చెంచా కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా తల్లీ, తిన్నది అరగనివ్వవే. ఇంతకీ, యేర్ అక్క తన లోడు నన్ను తీసుకోమంది. నువ్వెత్తే లోడు కదా, నిన్నడిగి తీసుకుంటానన్నాను. తీసుకోనా?"

"తీసుకో. నన్ను అడిగేదేముంది?"

"నిజంగానేనా?"

"ముందు నీ గుండు టైర్లు మార్చు."

"మార్చాను."

లేచి వెళ్ళి చూశాను. నా బండివి లాంటివే, అదే రకం మందం టైర్లు. వెండి రిమ్ములు లేవు.

"ఎందుకు మార్చావురా?"

"ఊరికే. రంగు నచ్చింది."

"టైర్లన్నీ నలుపేరా వెధవా."

"అదే. ఆ నలుపు నచ్చింది."

నేను గట్టు పక్కన కూర్చుని ఏడుస్తుంటే నా వెనకే దిగివచ్చి బండి ఆపింది వాడే. తాతను ఆస్పత్రికి తీసుకెళ్ళింది వాడే. ఆ రోజు నేను ఏడ్చానని ఎవరితోనూ అనలేదు. ఈ డైరీలో నేను కూడా రాయలేదనుకుంటా.

నవంబరు 13

యేర్ అక్క ఫోను చేసింది.

"ఫాయ్, నా మీద ఏమైనా కోపమా?"

"అయ్యో, కోపమేంటక్కా?"

"మరి రావడం లేదేం? కెంగ్ బాగానే తోలుతున్నాడనుకో. కానీ హారన్లు కొట్టీ కొట్టీ మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."

నవ్వాను. క్లచ్చు జారుతోందని చెప్పాను. బాగవ్వగానే వస్తానన్నాను. క్లచ్చుకు ఏమీ కాలేదు. కానీ ఎప్పటికైనా జారుతుంది కదా. ఏ క్లచ్చయినా జారేదే.

వెనకనుంచి తాత గొంతు వినిపించింది. "ఆ పిల్లనడుగు. వచ్చే నెల నా కట్టు విప్పాలట. తీసుకెళ్తుందా, లేదా?"

"సిగ్నలు పోతోందక్కా" అన్నాను.

నవంబరు 15

అమ్మ బజారు నుంచి రెండు జీబ్రా బొమ్మలు తెచ్చింది. మోకాలెత్తు ఉన్నాయి. ఒకదానికి చెవి అంచు విరిగితే బేరమాడి తగ్గించుకుందట.

"పద. మలుపు దగ్గర పెట్టి దండం పెట్టుకుని వద్దాం. నిన్ను ప్రాణాలతో ఇచ్చినందుకు."

"ఇవాళ మిల్లుకు పోవాలమ్మా."

"రేపు పోదాం."

"రేపూ ఉంది."

అమ్మ నన్ను చూసింది. కొట్టు మూసేవేళ ఎంగిలి గిన్నెలు లెక్క చూసినట్టు చూసింది. సాయంత్రం కెంగ్ బండిలో కూర్చుని జీబ్రాల్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళొచ్చింది. నా బండి ఇంటి ముందు ఖాళీగానే ఉంది. ఇవాళ మిల్లు పని లేదు.

నవంబరు 20

బండి అమ్మేస్తాను.

బాగా ఆలోచించే. కదలని బండి తినేది తింటూనే ఉంటుంది. ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను, బ్యాటరీ, ఎండకు పగిలే రబ్బర్లు. వాడకపోతే ఇంకా ఎక్కువ తింటుంది. ఇప్పుడు చలికాలం, కొండ మీదకు సరుకులు తోలేవాళ్ళు పెరుగుతారు, పాత పికప్పులకు మంచి ధర పలుకుతుంది. తెలివైనవాళ్ళు ఇప్పుడే అమ్ముతారు. తర్వాత ఒక చిన్న కారు కొనుక్కుంటాను. చదును నేల మీద తిరిగే చిన్న కారు, లీటరుకు రెండింతలు పోయేది. చిన్న కార్ల గురించి నా అభిప్రాయాలు గతంలో కొంచెం కఠినంగా ఉండేవి.

ఫోటోలు తీసి ఫోన్లో అమ్మకానికి పెట్టాను. స్టిక్కరు ఉన్న వైపు తియ్యలేదు.

నవంబరు 23

బేరం వచ్చింది. బాంకాక్ నుంచి భార్యాభర్తలు. కొండ మీద స్థలం కౌలుకు తీసుకున్నారట, గుడారాలు వేసి కాఫీ కొట్టు పెడతారట. ఆయన పేరు వుట్. రేపొస్తారు. కొండెక్కించి చూస్తే గాని కొనననీ, తనే నడుపుతాననీ అన్నాడు.

సరే అన్నాను. నడిపేది నేను కాదు కదా.

నవంబరు 24

రాయాలి. పడుకోవాలనిపించడం లేదు.

పొద్దున వాళ్ళిద్దరూ అమ్మ కొట్టు దగ్గరకు వచ్చారు. వుట్‌కు నలభై ఉంటాయి. మెడలో పెద్ద కెమెరా వేలాడుతోంది, కాళ్ళకు కొత్త బూట్లు. భార్య పేరు ప్రియో. మనిషి పొట్టి, మాట కూడా పొట్టే. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"గులాబి రంగు ఎక్కడుంది?"

"ఉందనుకోవాలక్కా."

"ధర కూడా తగ్గిందనుకుంటాం మరి."

ఆవిడ నాకు నచ్చింది. సీటు వెనక ముడుచుకుని కూర్చుంది. వుట్ స్టీరింగు పట్టుకున్నాడు. నేను ఎడమ సీట్లో, తాత కూర్చున్న చోట.

ఎక్కడం బాగానే సాగింది. ఇంజను గొంతు విని మురిసిపోయాడు. "బలే లాగుతోందమ్మా!" అన్నాడు. లాగదా మరి? నేను తలుపు వైపు ఒదిగి కూర్చుని, అద్దం అడుగున ఉన్న ఇన్సూరెన్సు స్టిక్కరునే చూస్తూ ఉన్నాను. పైన యేర్ అక్క ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు టోపీ కళ్ళ మీదకు లాక్కున్నాను. వాకిట్లో పీట ఉంది. తాత లేడు.

వాళ్ళ స్థలం దగ్గర ఫోటోలు తీసుకున్నారు. మంచు కింద లోయలో పరుచుకుని ఉంది. ఆ చలిలో కూడా నా అరచేతులు తడిగానే ఉన్నాయి.

దిగడం మొదలుపెట్టగానే వుట్ గేరు తీసేశాడు.

"అన్నా, గేర్లో పెట్టు."

"ఎందుకమ్మా? దానంతట అదే దిగుతుంది కదా. డీజిలు మిగులుతుంది."

"ఇక్కడ అలా కుదరదన్నా. రెండులో పెట్టు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది."

"రెండులోనా? ఇంజను పాడవుతుంది." నవ్వాడు. "నాకు లైసెన్సు వచ్చేనాటికి నువ్వు బడికి కూడా వెళ్ళి ఉండవు. బాంకాక్ ట్రాఫిక్కులో తోలినవాణ్ణి, ఇదో లెక్కా?"

వెనకనుంచి ప్రియో అంది: "ఆ అమ్మాయి బండి. ఆ అమ్మాయి చెప్పినట్టు చెయ్."

"నువ్వుండవే."

బ్రేకు మీద నుంచి కాలు తియ్యడం లేదు. మలుపు తర్వాత మలుపు, కాలు దాని మీదే. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. బండి కొనే మనిషితో గొడవెందుకు, ఖాళీ బండే కదా, కొత్త ప్యాడ్లే కదా అనుకున్నాను. ఇంకా చాలా అనుకున్నాను.

అప్పుడు ఆ వాసన వచ్చింది.

గోళ్ళు కాలిన వాసన. నా కాళ్ళు వాటంతటవే ముందుకు తన్నుకున్నాయి. అక్కడ పెడలు లేదు. వుట్ మొహం చూశాను. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు గానీ దాని కింద రంగు మారింది. కాలు పైకీ కిందికీ ఆడిస్తున్నాడు.

"ఇదేంటమ్మా, దిగిపోతోంది?"

"క్లచ్చు తొక్కు."

"బ్రేకు..."

"బ్రేకు వదిలెయ్. క్లచ్చు తొక్కు! అడుగు దాకా!"

తొక్కాడు. గేరు కడ్డీ మీద నా కుడి చెయ్యి పెట్టాను. ఆ చెయ్యి తడిగా ఉందో పొడిగా ఉందో నాకు తెలియలేదు. యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కమన్నాను, తొక్కాడు. మూడోదాంట్లోకి తోశాను.

"మెల్లిగా వదులు. మెల్లిగా అన్నాను!"

ఇంజను గట్టిగా అరిచింది. ముగ్గురం ముందుకు తూలాం. ప్రియో నా సీటును రెండు చేతులతో పట్టుకుంది. వేగం కొంచెం తగ్గింది, చాలినంత కాదు. మలుపు కనిపిస్తోంది. జీబ్రాలు కనిపిస్తున్నాయి.

"మళ్ళీ క్లచ్చు."

రెండోదాంట్లో పెట్టాను. ఇంజను ఇంతకు ముందు నేనెప్పుడూ విననంతగా అరిచింది. అరవనీ, ఇంజను ఉన్నదే అందుకు అనుకున్నాను. స్టీరింగు ఎడమకు తిప్పమన్నాను. మలుపుకు ముందు బళ్ళు ఆపుకునే మట్టి జాగా ఉంది. అందులోకి ఎక్కాక చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగాను. చేతి బ్రేకు ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారతాయి. అది నాకు తెలుసు, ఎప్పటినుంచో తెలుసు.

ఆగింది.

ముందు చక్రాల నుంచి పొగ లేస్తోంది. వుట్ నీళ్ళ సీసా తీసుకుని దిగబోతే చొక్కా పట్టుకుని లాగాను. "నీళ్ళు పొయ్యకు. దానంతట అదే చల్లారాలి." సీసా మూత పెట్టబోయి కింద పడేశాడు. ప్రియో తీసుకుని పెట్టింది.

చాలాసేపు అక్కడ రాళ్ళ మీద కూర్చున్నాం. మా పక్కనుంచి క్యాబేజీ బళ్ళు ఇంజను గట్టిగా మోగించుకుంటూ నిదానంగా దిగుతున్నాయి. మోటుగా ఉంటుందనుకునేదాన్ని ఆ చప్పుడు. పోయిన నెల వాటినే ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ దిగాను.

పొగ పోయాక వుట్ తాళం చెవి నాకు చాపాడు. "నువ్వే దింపమ్మా."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇది రాయకుండా ఉండలేను. తాళం చెవి చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నావల్ల కాదన్నా. పోయిన నెల ఇక్కడే... ఇదే బండి... అందుకే అమ్ముతున్నాను."

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. నెల రోజులుగా కూడి, తీసేసి, హెచ్చవేసి రాబట్టిన జవాబు ఒక్కటీ కాదు అది.

ప్రియో బూట్లకంటిన మట్టి దులుపుకుని లేచింది. "ఇందాక పక్క సీట్లో కూర్చుని దింపావు. ఇప్పుడు అసలు సీట్లో కూర్చోమంటున్నాం. ఈయన్ని మాత్రం ఇంక ఆ బండి ముట్టుకోనివ్వను. నాకు తోలడం రాదు. మరి నడిచి పోదామా?"

తీసుకున్నాను.

సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దాలు సరిచేసుకున్నాను. రెండో గేరు. బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి వదలడం, మళ్ళీ ఇంజనుకు అప్పగించడం. కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మలుపులో అమ్మ జీబ్రాలు ముందు వరసలోనే ఉన్నాయి. చెవి విరిగింది నా వైపే చూస్తోంది. ఎంత నెమ్మదిగా పోయానంటే దాని చారలు లెక్కపెట్టొచ్చు.

కిందకు వచ్చాక వుట్ చల్లటి టీ ఒక గుక్కలో తాగి, "తీసుకుంటాను. అడిగిన ధరకే" అన్నాడు.

"అమ్మనన్నా."

"అదేంటి?"

"ధర పెంచాలనా?" అంది ప్రియో.

"కాదక్కా. నాకు కావాలి."

కారణం అడిగితే లెక్క చెప్పడానికి సిద్ధంగా లేను. వాళ్ళు అడగలేదు. అమ్మ అంతా విని వాళ్ళిద్దరి గిన్నెల్లో ఇంకో చుట్ట నూడుల్స్ వేసింది. దానికి డబ్బు తీసుకోలేదు. వుట్‌కు కొండ మీదకు సరుకులు తోలే మనిషి కావాలట. కిరాయి మాట్లాడుకున్నాం. ప్రియో దగ్గర బేరం ఆడటం రెండో గేరులో కొండెక్కడం లాంటిది. అయినా దిగలేదు నేను.

నవంబరు 25

మళ్ళీ ప్యాడ్లు. ఎంతయ్యిందో రాయను.

నవంబరు 26

ఖాళీ బండితో ఒక్కదాన్నే వెళ్ళాను. ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. రెండోసారి దిగేటప్పుడు నా వెనక బళ్ళు ఊరేగింపులా తోక కట్టాయి. వాటిలో కెంగ్ ఉన్నాడు. మూడు హారన్లూ ఒకేసారి కొట్టాడు. జాగా ఉన్నచోట పక్కకు జరిగితే దాటుతూ అద్దం దించాడు.

"ఒసే దూదిపింజా! పెళ్ళి బండా అది? నడిచేవాళ్ళు దాటిపోతున్నారు!"

"నువ్వూ రెండులోనే వస్తున్నావు కదరా! వినిపిస్తోంది!"

వాడు నల్లపొగ వదిలి పోయాడు. వాడి వెనక బ్రేకు లైట్లు మాత్రం మలుపు మలుపుకీ ఒకటే సారి వెలిగి ఆరుతున్నాయి. సరిగ్గానే దిగుతున్నాడు. మొహాన చెప్పను.

లెక్క కూడా మళ్ళీ చూశాను, ఉన్నది ఉన్నట్టు. బరువు తగ్గించి రెండు ట్రిప్పులు తోలితే డీజిలు ఎక్కువవుతుంది, ప్యాడ్లు రెండింతల కాలం వస్తాయి. ఇంచుమించు సమానం. నెమ్మదిగా దిగడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

డిసెంబరు 6

యేర్ అక్క ఇంటి ముందు బండి ఆపేసరికి చోంగ్ తాత తయారై నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా, నల్ల హ్మోంగ్ లాగు, మెడకు వేలాడేసిన కట్టు చెయ్యి. కోడలు మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కెంగ్ బండిలో పొమ్మన్నా వినడం లేదు ఫాయ్. నిన్నటినుంచీ ఇదే గోల."

"వాడి హారన్లు నాకు పడవు" అన్నాడు తాత.

నేను దిగి ఆయన ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"తాతా, ఆ రోజు మూడో గేరులో దిగాను."

"తెలుసు, చెప్పాను కదా. తలుపు తియ్యి, ఒంటిచేత్తో రాదు నాకు."

తీశాను. ఎక్కించి బెల్టు పెట్టాను. తలుపు గట్టిగా వెయ్యాలి కాబట్టి గట్టిగా వేశాను. తాత ఉలిక్కిపడ్డాడు.

"ఇదొక్కటే భయం నాకు, నీ బండిలో" అన్నాడు.

వెనక తొట్టిలో క్యాబేజీ, కడ్డీల పై అంచుకు రెండు జానల కింద దాకానే. యేర్ అక్క ఇంకా వెయ్యనా అని అడగలేదు, నేనూ అనలేదు. రెండో గేరులో పెట్టి దిగడం మొదలుపెట్టాను. ఇంజను మూలుగుతోంది. పొద్దుటి ఎండ అద్దం మీద పడుతోంది. తాత మొదట్లో దారి పక్కన ఎవరి పొలంలో ఏ పురుగు పడిందో, ఎవరి పెద్దకొడుకు ఎవరితో మాట్లాడటం లేదో చెప్పుకొచ్చాడు. నాకు సగమే వినపడింది. నా చెవులు ఇంజను మీదున్నాయి, కాలు బ్రేకుకు పైన గాలిలో ఉంది, అవసరమైతేనే తాకుతోంది.

మలుపు వస్తోంది. ఇంతకన్నా బాగా ఎవరూ దింపి ఉండరు, ఆ సంగతి నాకు తెలుసు. బరువు ఎటూ ఊగలేదు, ఒక్క క్యాబేజీ కదలలేదు. చక్రం తెల్లగీతను తాకకుండా ఒకే వేగంతో మలుపు తిరిగింది. తాత చూడాలని ఇన్నాళ్ళుగా అనుకుంటున్నది అదే.

"తాతా, ఇదిగో, చూశావా?"

పలకలేదు. తిరిగి చూశాను. తల తలుపుకు ఆనించుకుని నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. మలుపు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఆయనకు తెలియదు.

భలే కోపం వచ్చింది. ఇంత చక్కగా దింపితే చూసే మనిషి లేడు. భుజం తట్టి లేపి, వెనక్కి చూపించి, అదుగో ఆ మలుపే అని చెబుదామనుకున్నాను. చెయ్యి చాపాను కూడా.

మెడకు ఎండ తగలకుండా ఆయన చొక్కా కాలరు సరిచేసి, చెయ్యి మళ్ళీ స్టీరింగు మీద పెట్టుకున్నాను. ఆస్పత్రి గేటు దాకా ఆయన లేవలేదు.